నూకన్న లారీ ఖాళీగా వెళ్ళదు

ఫెరార్‌గంజ్‌లో నూకన్న లారీ ఎక్కాలంటే ముందు స్టూలు ఎక్కాలి. స్టూలు మీంచి చక్రం మీదికి, చక్రం మీంచి బాడీలోకి. దాని కింద నుంచి ఓ దూడ తల వంచకుండా ఇటు నుంచి అటు నడిచిపోయిందని చూసినవాళ్ళు చెబుతారు. చూడనివాళ్ళు ఆ దూడను ఆవును చేశారు. నూకన్నను అడిగితే అది ఆవూ కాదు, కొమ్ములు తిరిగిన చూడి గేదె అంటాడు.

నిజానికి అది చిన్న లారీయే. అంత ఎత్తు ఎందుకయిందో చెప్పాలంటే సునామీ దగ్గర మొదలుపెట్టాలి. ఈ దీవుల్లో ఇప్పుడు ఏ కథైనా అక్కణ్ణించే మొదలవుతుంది, వంకాయ కూర మాడిన కథైనా సరే.

నూకన్న తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. నూకన్న ఇక్కడే పుట్టి, ఇక్కడే బడికెళ్ళి, ఏడో తరగతి సగంలో ఆగిపోయాడు. బడి వాణ్ణి వదిలించుకుందని ఊళ్ళో అంటారు. చెప్పడానికి బడి దగ్గర ఇంకేమీ మిగల్లేదని వాడంటాడు. తర్వాత క్లీనరయ్యాడు, డ్రైవరయ్యాడు, చివరికి ఒక పాత చిన్న లారీకి యజమాని అయ్యాడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి సిమెంటు, ఇటుకలు, ఉల్లిపాయలు తెస్తూ దారిలో సిప్పీఘాట్ దగ్గర తవిటమ్మ టీ బడ్డీలో ఆగేవాడు. తవిటమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. ఓ బొగ్గుల పొయ్యి, ఓ నోరు ఉన్నాయి. రెండూ తెల్లారకముందే రాజుకునేవి.

ఆ ఆదివారం పొద్దున భూమి ఊగినప్పుడు నూకన్న చేతిలో టీ గ్లాసుంది. గ్లాసులోంచి ఒక్క చుక్క కూడా ఒలకలేదని తర్వాత పదేళ్ళు చెప్పుకున్నాడు గానీ, ఒలికిన టీ వాడి లుంగీ మీద మరకై చాలాకాలం ఉంది. ఊగడం ఆగాక అందరూ రోడ్డు మీద నిలబడి నవ్వుకున్నారు. ఆ తర్వాత కాలువలో నీళ్ళు వెనక్కి పోయాయి. కాసేపటికి, గోధుమరంగులో, చప్పుడు లేకుండా, వరిచేల మీద నుంచి తిరిగి వచ్చాయి.

అందరూ గుట్ట వైపు పరిగెత్తారు. నూకన్న లారీలోకి పరిగెత్తాడు. తాళం తిప్పాడు, స్టార్టు కాలేదు. మళ్ళీ తిప్పాడు. నీళ్ళు ఫుట్‌బోర్డు ఎక్కాయి. అంతలో తలుపు తెరుచుకుంది. సగం గుట్ట ఎక్కిన తవిటమ్మ వెనక్కి వచ్చి, వాడి చొక్కా కాలరు పట్టుకుని, గోనెసంచీని లాగినట్టు కిందికి లాగింది. చొక్కా చిరిగింది, జుట్టు పట్టుకుంది. ఇద్దరూ నీళ్ళలో పడుతూ లేస్తూ ఒక పోక చెట్టును కరుచుకున్నారు. అక్కడే, కొట్టుకొచ్చిన దుంగ ఒకటి తవిటమ్మ నడుముకు తగిలింది. చెట్టుకూ ఆమెకూ మధ్య నూకన్న ఉన్నాడు. ఆ దుంగ ఆమెను దాటి ఉంటే వాడికే తగిలేది.

బడ్డీ పోయింది, పొయ్యి పోయింది. సిప్పీఘాట్‌లో నేల కుంగి సముద్రం అక్కడే కాపురం పెట్టేసింది. నూకన్న తవిటమ్మను ఫెరార్‌గంజ్‌లో తన ఇంటికి తెచ్చుకున్నాడు. అంతవరకు టీ అమ్మే మనిషి, ఆ రోజు నుంచి అత్త. నూకన్న భార్య సాయిలక్ష్మి వెనక గది ఖాళీ చేసి ఇచ్చింది. తన మొగుణ్ణి నీళ్ళలోంచి లాగినావిడ తన వంటలో ఉప్పు ఎక్కువైందంటే ఏం అనగలదు. ఉప్పు తగ్గించింది.

లారీ కూడా దొరికింది, చేలో ముక్కు కింద పెట్టుకుని. కడిగి, ఇంజను విప్పి, ఎండబెట్టి బతికించుకున్నారు. ఉప్పు మాత్రం లోపలే ఉండిపోయింది. పైగా పోర్ట్ బ్లెయిర్ రోడ్డు సిప్పీఘాట్ దగ్గర పోటు వచ్చినప్పుడల్లా మునిగేది. ఆ నీళ్ళలో తిరిగి తిరిగి ఇరుసుల మీద లారీ బరువు మోసే కమాను కట్టలు పొరలు పొరలుగా తుప్పుపట్టి, ఒక్కొక్క పట్టీ అప్పడంలా విరగడం మొదలుపెట్టింది.

కొత్త కట్టలు పోర్ట్ బ్లెయిర్‌లో దొరక్క, నూకన్న విశాఖపట్నంలో ఒక కమాను దుకాణానికి కబురు పెట్టి, ఓడ మీద తెప్పించుకున్నాడు. కంపెనీ బిగించినవాటికంటే మందం, వంపు ఎక్కువ. అవి ఇంటికొచ్చిన రోజు ఊళ్ళో వాళ్ళకు పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించాడు. బిగించడానికి పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ పేటలో ఉన్న మెకానిక్ షెడ్డు దాకా ఎందుకు, మా పెరట్లో నేనే బిగిస్తానన్నాడు.

పక్కింటి దేవకుమార్ వెల్డింగు పని చేస్తాడు, తెలుగు ప్రార్థన మందిరంలో పెద్ద కూడా. అతను సాయానికొచ్చాడు. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, వెనక చట్రాన్ని జాకీతో లేపి, కింద పడాక్ చెట్టు దుంగలు పేర్చారు. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే పాత యూ బోల్టులకు కిరసనాయిలు తాగించి ఒక రాత్రంతా నాననిచ్చారు. పొద్దున్నే రెండు కదిలాయి, రెండు రంపానికి గానీ లొంగలేదు. పాత కట్ట ఊడి కింద పడ్డప్పుడు లేచిన తుప్పుకు సాయిలక్ష్మి ఆరేసిన బట్టలన్నీ కాషాయం కట్టాయి.

కొత్త పట్టీలకు గ్రీజు పూసి, పొడుగుది పైన, దాని కింద చిన్నది, దాని కింద ఇంకా చిన్నది, అలా పేర్చి మధ్య బోల్టు వేస్తారు. ఈ లారీకి ఇందులో సగం పట్టీలు చాలని దేవకుమార్ చెప్పాడు. విశాఖ వాడు మిగతావి విరిగినప్పుడు వేసుకొమ్మని పంపాడని కూడా చెప్పాడు. నూకన్న వినలేదు. వాడి కళ్ళ ముందు ఫుట్‌బోర్డు ఎక్కుతున్న గోధుమరంగు నీళ్ళున్నాయి.

“అన్నీ ఎయ్యి భయ్యా,” అన్నాడు. “సముద్రం మళ్ళీ వస్తే, మంచం కింద కుక్క దూరి పోయినట్టు, నా బండి కింద నించి పోవాల.”

వెనక కట్టలకూ, ముందు కట్టలకూ అన్నీ వేశారు. యూ బోల్టులు పొట్టివైపోతే దేవకుమార్ పొడుగువి చేసి తెచ్చాడు. షాకబ్జర్లు అందక వేలాడితే వాటికి కొత్త కొక్కేలు వెల్డింగు చేశాడు. బ్రేకు పైపు పొడిగించాడు. చివరికి జాకీలు దించారు. కొత్త కట్ట మీద బండి కొంచెమైనా కూర్చోవాలి. ఇది కూర్చోలేదు. మేజిస్ట్రేటు ముందు ముద్దాయిలా నిటారుగా నిలబడిపోయింది.

బరువు వేస్తే బండి నీళ్ళ మీద ఓడలా పోయేది. ఖాళీగా వెళితే మాత్రం మేకపిల్ల. గుంతలో పడ్డప్పుడల్లా వెనక చక్రాలు నేల వదిలేవి. సాయిలక్ష్మి ఒక్కసారి ఎక్కి, రెండు గాజులు అక్కడే వదిలి దిగింది. కిరాణా కొట్టు సత్యారావు ఆ లారీలో తెప్పించుకున్న క్యాను పాలు మజ్జిగై దిగాయని, పైన వెన్న కూడా తేలిందని ఊరంతా చెప్పాడు. నూకన్న తగ్గలేదు. వెన్నకు వేరే ఛార్జీ ఇవ్వమన్నాడు.

సునామీ వచ్చి రెండేళ్ళు కావస్తుండగా తవిటమ్మ నడుము పూర్తిగా మొరాయించింది. దుంగ తగిలిన చోటు నొప్పి ఎప్పుడూ ఉండేదే, నోటితో దాన్ని కప్పేసేది. ఒక శనివారం లేవలేకపోయింది. చీకటి పడ్డాక ఊరి నర్సు వచ్చి పాదాల మీద పిన్ను గుచ్చి చూసింది. ఎడమ కాలికి తెలియలేదు. ఎముకల డాక్టరొకాయన చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఉన్నాడు, ఆదివారం మధ్యాహ్నం విమానానికి వెళ్ళిపోతాడు, ఆలోగా చూపించాలని చెప్పింది. మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదంది. గుమ్మం దాటుతూ నూకన్నను పక్కకు పిలిచి, గట్టి కుదుపు ఒక్కటి తగిలినా రెండు కాళ్ళూ పోవచ్చంది.

పున్నమి పోటు రోజులు. సిప్పీఘాట్ రోడ్డు ఆ రాత్రీ మునిగే ఉంటుంది, ఆదివారం పొద్దున్నే మళ్ళీ మునిగి మధ్యాహ్నం దాకా తేలదు. ఆ నీళ్ళలో జీపులు ఆగిపోతాయి. బ్యాంబూఫ్లాట్ రేవు దాకా వెళ్ళి పోర్ట్ బ్లెయిర్ పడవ ఎక్కిద్దామంటే, పోటుకు ఎగిరిపడే పడవలోకి, అక్కణ్ణించి మళ్ళీ జెట్టీ మీదికి ఆ నడుమును చేతులు మార్చాలి. ఆ నీళ్ళను దాటగలిగిన ఎత్తున్న బండి ఊళ్ళో ఒక్కటే. ఆ నడుమును విరిచేయగల బండి కూడా అదే.

పట్టీలు సగం విప్పేద్దామా అంటే పని ఒక రోజుది, విప్పితే ఎత్తు పోతుంది. ఆదివారం పొద్దున నూకన్న లారీలో గడ్డి పరిచాడు, గడ్డి మీద పరుపు వేశాడు. పరుపు మధ్యలో స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పెట్టి, మలుపు దాకా చీమలా నడిపి తిరిగొచ్చాడు. గ్లాసు మూల పడి ఉంది. పరుపు తడిసింది.

తవిటమ్మ వరండాలో మంచం మీంచి అంతా చూసింది.

“ఆ గిలాసు జాగాలో నానుండాల్సింది,” అంది. “బాగానే ఎగిరేదాన్ని.”

నూకన్న చక్రం పక్కన చతికిలబడి, తను గొప్పగా పేర్చిన పట్టీల వంక చూస్తూ ఉండిపోయాడు. ఎంత వంపు. ఒక్క వేలెడు కూడా దిగని వంపు.

“ఒరే నూకా, నాకు నడుమిరిగింది గాని నోరిరగలేదు, ఇను,” అంది తవిటమ్మ. “సిమెంటు మూటలేస్తే నీ బండి ఎలగ నడుస్తాది?”

“ఓడలాగ నడుస్తాది అత్తా.”

“మరి ఎయ్యరా.”

ఆదివారం ఏ గోడౌనూ తెరవరు. ఇసుక తవ్వి నింపాలంటే పూట పడుతుంది. ఆ మాట అంటుండగానే ఎదురుగా పొద్దుటి ఆరాధన ముగిసి ప్రార్థన మందిరం తలుపులు తెరుచుకున్నాయి. ఉతికిన బట్టల్లో, చంకలో బైబిళ్ళతో జనం బయటికి వస్తున్నారు. ముందు దేవకుమార్ ఉన్నాడు. సంగతి విన్నాడు, లారీని చూశాడు, వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు.

“మూటలు లేవు గాని మనుషులున్నారు కదా భయ్యా,” అన్నాడు.

ఆ తర్వాత జరిగినది ఫెరార్‌గంజ్‌లో ముందెన్నడూ జరగలేదు. లావుగా ఉన్నవాళ్ళను పేరు పెట్టి పిలిచారు. సన్నగా ఉన్నవాళ్ళు వస్తామంటే వద్దన్నారు, వాళ్ళు చిన్నబుచ్చుకుని తిరగలి రాయో, రుబ్బురోలో మోసుకుని వచ్చి ఎక్కారు. సత్యారావు కొట్టుకు తాళం వేసి వచ్చాడు. జీవితమంతా తన పొట్ట మీద పడ్డ హాస్యాలన్నీ మోసిన మనిషి. ఆ రోజు ఆ పొట్టకు ఊరు దారిచ్చింది. దేవకుమార్ అతణ్ణి సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేలా కూర్చోబెట్టాడు. దేవతను ప్రతిష్ఠించడానికి కూడా అంత కొలత చూసి ఉండరు.

ఒక్కొక్కరు ఎక్కుతుంటే నూకన్న చక్రం దగ్గర నుంచి కదల్లేదు. బిగించిన నాటి నుంచి మొదటిసారి మనుషుల కోసం ఆ కట్ట మూలిగింది. వంపు కొంచెం దిగింది. ఇంకొంచెం. “ఇంకా,” అన్నాడు. ఇంకొందరు ఎక్కారు. పట్టీలు చదునుకు వస్తుండగా చాలన్నాడు. అప్పటికీ బండి కడుపు నీళ్ళకు అందనంత ఎత్తులోనే ఉందని దేవకుమార్ జానతో కొలిచి చెప్పాడు. తవిటమ్మను పరుపుతో సహా ఎత్తి వాళ్ళందరి మధ్యలో పడుకోబెట్టారు. సాయిలక్ష్మి ఆమె తలను ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ గ్లాసు నిండా నీళ్ళు పోసి పరుపు పక్కన లారీ చెక్కల మీద పెట్టారు.

లారీ ఊరు దాటింది. గుంతలో దిగింది, లేచింది. గ్లాసు అంచున నీళ్ళు వణికాయి గానీ పొర్లలేదు. అందరూ తమ తమ బరువును అరచేతిలో దీపంలా పట్టుకుని కూర్చున్నారు. దగ్గాలనుకున్నవాళ్ళు కూడా మెల్లగా దగ్గారు.

సిప్పీఘాట్ దగ్గర రోడ్డు నీళ్ళలోకి దిగిపోయింది. అంచులు తెలియడానికి పాతిన కర్రలు మాత్రం రెండు వరసలుగా నిలబడి ఉన్నాయి. నూకన్న మొదటి గేరులో దిగాడు. నీళ్ళు చక్రాలు మింగాయి, ఫుట్‌బోర్డు దాకా వచ్చి ఆగాయి. ఆ దారిలో ఒక చేప ఎగిరి సత్యారావు ఒళ్ళో పడిందట. సాయంత్రానికి ఆ చేప మూరెడయింది. మర్నాటికి పళ్ళు కూడా మొలిచాయి.

నీళ్ళ నడుమ వెనక నుంచి డ్రైవరు క్యాబిన్ మీద ఎవరో తట్టారు. తవిటమ్మ ఆపమంటోందని సాయిలక్ష్మి చెప్పింది. నీళ్ళలో బండి ఆపడం మూర్ఖుల పని. నూకన్న ఆపాడు, ఇంజను ఆగనివ్వకుండా కాలు యాక్సిలేటరు మీదే ఉంచి కిటికీలోంచి తల బయట పెట్టాడు. కుడివైపు, కర్రల వరస అవతల, తలలేని పోక చెట్టు ఒకటి నీళ్ళలో నిలబడి ఉంది.

“నా పొయ్యి ఇక్కడే కదరా,” అంది తవిటమ్మ. లేవలేదు, ఆకాశం వైపే చూస్తూ అంది. చెట్టు మొదలు ఆమెకు కనిపించదు, మోడు కొస ఒక్కటే కనిపిస్తుంది.

“ఇక్కడే అత్తా.” ఎన్ని అబద్ధాలైనా గుక్క తిప్పుకోకుండా చెప్పే నూకన్న, ఈ ఒక్క నిజం చెప్పడానికి తల లోపలికి తీసుకుని స్టీరింగు వైపు తిరిగాడు. “ఆ రోజు నువ్వు ఎనక్కి రాకపోతే...”

“తెల్సు. బండి పోనీ. నీల్లెక్కుతున్నాయి.”

బండి పోనిచ్చాడు. వెనక ఎవరో సన్నగా పాట ఎత్తుకున్నారు, ప్రార్థన మందిరంలో పాడేదే. మిగతావాళ్ళు కలిశారు. ఆ పాటలో ప్రభువు పేరు తప్ప మరో మాట తెలియని సత్యారావు, వెంకటేశ్వరుడి భక్తుడు, అందరికంటే గట్టిగా పాడాడు. తవిటమ్మ కళ్ళు మూసుకుని, శ్రుతి తప్పిందని గొణిగింది.

ఆసుపత్రి ముందు లారీ ఆగి, మనుషులూ తిరగళ్ళూ రోళ్ళూ ఒక్కొక్కటే దిగుతుంటే డాక్టరు ధర్నా అనుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నచ్చచెప్పి బయటికి తెచ్చారు. ఆయన ఎక్స్‌రే ఫోటోలు తీయించి చూశాడు, వెన్నులో పూస ఒకటి పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందన్నాడు. ఆపరేషను అక్కర్లేదు, నెల పైన కదలకుండా పడుకోబెట్టి బెల్టు కడతామన్నాడు. దారిలో గట్టిగా కుదిపి ఉంటే తను చేయగలిగింది ఏమీ ఉండేది కాదన్నాడు. ఏ అంబులెన్సులో తెచ్చారని అడిగాడు. నూకన్న బయట అరుగు మీద వరసగా కూర్చుని టీ తాగుతున్న జనాన్ని చూపించాడు. గొప్పగా ఏదో చెబుదామని నోరు తెరిచి, ఏదీ దీనికంటే పెద్దది దొరక్క మూసుకున్నాడు.

తవిటమ్మను తిరిగి తీసుకురావడానికి అదే బరువు మళ్ళీ వెళ్ళింది. మధ్యలో సత్యారావుకు జ్వరం వచ్చి చిక్కిపోయాడని లెక్క సరిచేయడానికి ఇద్దరు ఎక్కువ ఎక్కారు. సత్యారావుకు అది అవమానంగా తోచి, దారి పొడుగునా అరటిపళ్ళు తింటూనే ఉన్నాడు.

ఎడమ కాలికి స్పర్శ మెల్లగా వచ్చింది. తవిటమ్మ ఇప్పుడు బెల్టు కట్టుకుని, కర్ర పట్టుకుని నడుస్తుంది. నూకన్న ఇంటి ముందు, రోడ్డు కంటే ఎత్తుగా కట్టించుకున్న అరుగు మీద కొత్త బొగ్గుల పొయ్యి పెట్టుకుంది. నోరు పాతదే.

సిప్పీఘాట్ రోడ్డు తర్వాత ఎత్తు పెంచారు. నీళ్ళు ఇప్పుడు దాని మీదికి రావు. ఇక ఆ పట్టీలు సగం తీసేయవచ్చు కదా భయ్యా, ఖాళీగా వెళ్ళినా నడుం నొప్పి పుట్టదు అని దేవకుమార్ పానా పట్టుకుని మరీ వచ్చాడు. నూకన్న టీ ఇప్పించి పంపేశాడు. పట్టీలు తీయలేదు. ఖాళీగా వెళ్ళడమే మానేశాడు.

సరుకు లేని రోజు రోడ్డు మీద ఎవరు కనబడినా ఆపుతాడు. చెయ్యెత్తనక్కర్లేదు. కూరగాయల గంపలవాళ్ళు, రంగత్ బస్సు తప్పిపోయినవాళ్ళు, కర్రలు మోసుకెళ్ళే ముసలివాళ్ళు, గొడవపడి పుట్టింటికి నడిచిపోతున్న ఆడవాళ్ళు, వాళ్ళ వెనక వస్తున్న మొగుళ్ళు. డబ్బులివ్వబోతే కోప్పడతాడు. మంచివాడివి భయ్యా అంటే ఇంకా కోప్పడతాడు. తన కట్టలకు బరువు కావాలంతే, మీకోసం కాదు, ఎక్కి కూర్చోండి అంటాడు.

మొన్న వానలో మలుపు దగ్గర ఒక కొత్తావిడ, దీవికి ఈమధ్యనే వచ్చిన టీచరట, గొడుగు కింద నిలబడి ఉంది. ఎత్తయిన లారీ తనంతట తానే ఆగేసరికి భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది. నూకన్న దిగి, స్టూలు తెచ్చి రోడ్డు మీద పెట్టి, దాని మీద నీళ్ళు చొక్కాతో తుడిచాడు.

“ఎక్కండి దీదీ,” అన్నాడు. “మా బండికి మీరు ఒక్కరు తక్కువైపోయారు.”